సగం కిరాయి నాది

కాశిబుగ్గ, వరంగల్
6 సెప్టెంబర్ 2025

చిరంజీవి హారికకు,

అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాన్నా ఇక్కడ క్షేమం. నువ్వూ క్షేమమేనని రోజూ ఫోన్లో అంటున్నావు గానీ ఆ గొంతును నేను నమ్మడం లేదు.

ఈ ఉత్తరాన్ని కారప్పూస డబ్బాలో పెట్టి కొరియర్ చేస్తున్నాను. ఫోన్లో అయితే సగం వినకముందే వద్దంటావు. కాగితం మీద నన్ను ఆపలేవు కదా! ముందుగా ఒక్క మాట. ఆఫీసులో రాజీనామా ఇవ్వకు. మనకు ఇల్లు దొరికింది!

పోయిన వారం నువ్వు ఏడుస్తూ చెప్పిన మియాపూర్ ఇల్లే. కిరాయి పదహారు వేలు, పైగా ఒంటరి ఆడపిల్లకు ఇవ్వబోమన్నారని చెప్పావు. నీ జీతం ఇరవై నాలుగు వేలు. కిరాయి కట్టాక తినేదేమిటి? హాస్టల్లో చూస్తే ఒక్క గదిలో ఐదుగురు. "ఇగ వరంగల్‌కే వస్తనమ్మా" అన్నావు.

మరునాడు నేను చీరలమ్మే దుకాణంలో సేటు నన్ను పిలిచాడు. "కళావతమ్మా, కూకట్‌పల్లిల కొత్త దుకాణం తెరుస్తున్నం. చీరలు చూపెట్టనీకె తెలిసిన మనిషి కావాలె. పోతవా?" అని అడిగాడు. నీ కిరాయి గుర్తొచ్చింది. పిల్ల కోసం తప్పుతుందా అని ఒప్పుకున్నాను.

మీ నాన్నకూ అదే చెప్పాను. ఆయన "పప్పు ఎట్ల వండాల్నో జర నేర్పి పో" అన్నాడు. నిన్న తానే వండాడు. చింతపండు వేసి ఉప్పు మరిచాడు. అయినా తనను తానే మెచ్చుకుంటూ గిన్నె ఖాళీ చేశాడు. ధాన్యం మార్కెట్‌కు సెలవు వస్తే చాలు, రైలెక్కి మన దగ్గరికి వస్తాడట.

ఇంటావిడ వరలక్ష్మి గారితో నేనే మాట్లాడాను. నువ్వు పంపిన టులెట్ బోర్డు ఫోటోలో నంబరు ఉంది కదా! "అమ్మ కూడా ఉంటదా? అయితే నాకేం ఫికర్ లేదు, రాండ్రి" అంది. ఇన్నేళ్ళుగా చీరలమ్మిన దాన్ని, చెప్పిన ధరకు ఒప్పుకుంటానా? ముందు ఇంటిని మెచ్చుకున్నాను. తర్వాత నీళ్ళ సంగతి అడిగాను. ఆపైన ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాను. ఎదుటివాళ్ళు ఆ నిశ్శబ్దం భరించలేరు. పదిహేనుకు దిగింది!

సగం కిరాయి నాది, సగం నీది. కిటికీ పక్కన పడక మాత్రం నాకే కావాలి, ముందే చెప్తున్నాను. ఎవరు ముందు లేస్తే వాళ్ళు చాయ్ పెట్టాలి. ఆదివారం నేను వంట చేయను. దుకాణానికి మెట్రోలో పోతాను. ఎక్కడం, దిగడం మొదటి రోజు నువ్వు చూపిస్తే చాలు.

వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాం. స్టేషన్‌కు రా. సామాను ఎక్కువ లేదు. ఒక ట్రంకుపెట్టె, కుక్కర్, నేను, నన్ను దించడానికి మీ నాన్న.

ఇకమీదట నీ రూమ్మేట్,
అమ్మ

తా.క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. సేటు నన్ను పిలవలేదు. ఆయన నాతోపాటు దుకాణంలో పనిచేసే మధును పంపుదామనుకున్నాడు. నేనే లోపలికి పోయి అడిగాను. "ఈ వయసుల నీకెందుకమ్మా పట్నం" అన్నాడు. మరునాడు మళ్ళీ పోయి అడిగాను, ఒప్పుకున్నాడు. ఇదంతా నువ్వు ఏడుస్తూ ఫోన్ చేయకముందు సంగతి. నీ కిరాయి కోసమని అందరికీ చెప్పాను, అదీ నిజమే. కానీ పట్నంలో ఆ కొత్త దుకాణం తెరుస్తున్నారని విన్న రోజు నుంచీ పోవాలని కోరిక పుట్టింది నాకే. ఇప్పుడే మీ నాన్నకూ చెప్పేశాను. కోపం చేస్తాడేమోనని భయపడ్డాను. ఆయన నవ్వి, "నాకెప్పుడో ఎరుకే. నిన్ను పంపాలన్న తెలివి సేటుకు యాడిది?" అన్నాడు.