నా నంబర్‌కు పలికిందెవరు

సెప్టెంబర్ 8, సోమవారం

నోటీస్ బోర్డులో షార్టేజ్ లిస్ట్ పెట్టారు. హాజరు తక్కువైనవాళ్ల నంబర్లన్నీ ఉన్నాయి. నాది 68. మూడుసార్లు పైనుంచి కిందికి వెతికాను. లేదు. నేను మ్యాథ్స్ క్లాసుకి వెళ్లి పన్నెండు రోజులైంది! ఆఫీసు క్లర్కు రిజిస్టర్ తిప్పి చూసి, ఒక్క రోజు కూడా మానలేదమ్మా, శభాష్ అన్నాడు.

ఆ పన్నెండు రోజులూ నేను లైబ్రరీ మెట్ల వెనకాల కూర్చున్నాను. మరి ఆ శభాష్ ఎవరికి?

సెప్టెంబర్ 9

ఎవరో నా బదులు పలికి ప్రాక్సీ వేస్తున్నారు. సరే. ఎవరు? ఎందుకు?

నేను డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో చేరినదాన్ని. వీళ్లంతా ఫస్టియర్ నుంచి ఒక గుంపు. నాకు పేరొకటి ఉందని కూడా వీళ్లకు గుర్తుండదు, లాటరల్ అంటారు. పెన్ను అడిగితే క్యాప్ తమ దగ్గరే పెట్టుకుని ఇస్తారు. అలాంటివాళ్లు నాకోసం ప్రెజెంట్ సార్ అంటారా? చెవిలో పువ్వు పెట్టుకుని కనిపిస్తున్నానా నేను?

మ్యాథ్స్ మొదటి ఇంటర్నల్‌లో నాకు ఇరవైకి రెండు వచ్చాయి. సార్ నా పేపర్ పైకెత్తి చూపించి, ఈ డిప్లొమావాళ్లని మా నెత్తిన ఎవరు రుద్దుతారయ్యా అన్నారు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ మైకు నవ్వు అందరికన్నా పైన వినిపించింది. మైకు అంటే పేరు కాదు, ఆ అమ్మాయి గొంతు అలాంటిది. మర్నాటి నుంచి మ్యాథ్స్‌కి వెళ్లలేదు.

ప్రాక్సీ దొరికితే వేసినవాళ్లనీ వేయించుకున్నవాళ్లనీ ఇద్దరినీ పరీక్ష రాయనివ్వరు. అది అందరికీ తెలుసు. ఇదంతా నన్ను ఇరికించడానికే.

సెప్టెంబర్ 10

ఇవాళా వెళ్లలేదు. క్లర్కుని అడిగితే ఇవాళా ప్రెజెంటేనట.

సెప్టెంబర్ 11

క్లాసు కిటికీ పక్కన గోడకు ఆనుకుని విన్నాను. 66. 67. 68 అనగానే ఒక సన్నటి గొంతు ప్రెజెంట్ సార్ అంది. అచ్చం నా గొంతే. అంటే ఎవరో నన్ను గమనిస్తున్నారు, నేనెలా మాట్లాడతానో నేర్చుకున్నారు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. వెనకాల కుట్టుమిషను చప్పుడు. ఫ్రెండ్స్ కుదిరారా తల్లీ అంది. ముగ్గురి పేర్లు చెప్పాను, ముగ్గురివీ కల్పించినవే. అందర్నీ ఓసారి ఇంటికి తీసుకురావే అంది పిచ్చి అమ్మ.

సెప్టెంబర్ 12

హెచ్ఓడీ గది బయట కంప్లయింట్ బాక్సులో చీటీ వేశాను. మ్యాథ్స్ క్లాసులో 68కి ప్రాక్సీ పడుతోంది, తలలు లెక్కపెట్టండి అని. సంతకం పెట్టలేదు. నన్ను పిలిస్తే నాకేం తెలియదంటాను. నిజంగానే తెలియదు కదా!

సెప్టెంబర్ 15

68కి పలుకుతూ మైకు దొరికింది.

హెచ్ఓడీ ఇద్దర్నీ నిలబెట్టారు. నేను నోరు తెరిచేలోపే మైకు, ఆ పిల్లకేం తెలీదు సార్, నా అంతట నేనే వేశాను అంది. నాకు వార్నింగ్‌తో సరిపెట్టారు. తనని మ్యాథ్స్ పరీక్ష రాయనివ్వరు. అంటే ఏడాది పోయినట్టే.

బయటికొచ్చాక ఎందుకు చేశావని అడిగాను. దాదాపు అరిచాను. ఆ రోజు నవ్వాను కదే, నువ్వు మర్నాటి నుంచి మాయం, మనసు పీకింది అంది. వచ్చి మాట్లాడదామంటే మొహం చెల్లలేదట. అన్నం సయించలేదు నాకు.

సెప్టెంబర్ 16

వెనక బెంచీకి పిలిచారు. క్లాస్ రిప్రజెంటేటివ్ తన బ్యాగు తీసి చోటిచ్చాడు. వాడికి చెల్లెలు పుట్టినట్టు ఎంత ఆర్భాటం! చీటీ రాసిన వెధవ ఎవడోగాని నీ నంబర్ వేసి మరీ రాశాడు, నిన్ను తొక్కేద్దామనే చూశాడు అన్నాడు. అవును అన్నాను.

అవును అన్నాను! నా నోరు పడిపోను.

సెప్టెంబర్ 17

క్లాసంతా వెళ్లి బతిమాలితే హెచ్ఓడీ ఒక మాట అన్నారట. ఆ చీటీ రాసినవాళ్లు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబితే మైకు సంగతి ఆలోచిస్తానని. చీటీ ఫొటో తీసుకోనిచ్చారట కూడా.

రిప్రజెంటేటివ్ ఒక తెల్లకాగితం తిప్పాడు. ఒక్కొక్కరూ తమ నంబర్ ఎదురుగా ఆ చీటీ నేను రాయలేదు అని రాయాలి, చేతిరాత పోల్చి చూస్తాడు. కాగితం నా దగ్గరికి వచ్చింది. మైకు లాగేసుకుంది. దీనితో ఎందుకురా రాయిస్తారు, ఇది మన పిల్ల అంది.

మన పిల్ల. ఈ కాలేజీలో నన్నెవరైనా ఆ మాట అనడం ఇదే మొదలు. ఎంత హాయిగా ఉందో రాసుకోవాలంటే సిగ్గేస్తోంది.

ముందు బెంచీలో ఒంటరిగా కూర్చునే అబ్బాయి, నేనెందుకు రాయాలి అన్నాడు. ఇంకేముంది, వాడే అని తేల్చేశారు. వాడి బ్యాగు కారిడార్‌లోకి గిరాటేశారు. వాడు వెళ్లి పుస్తకాలు ఏరుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో. గుర్తు లేదు. గుర్తు లేదని ఇక్కడ కూడా అబద్ధమే రాస్తున్నాను.

సెప్టెంబర్ 18, ఉదయం 10:50

రిప్రజెంటేటివ్‌ని నిన్నటి కాగితం అడిగి తీసుకున్నాను. 68 ఎదురుగా ఖాళీ అలాగే ఉంది. ఆ చీటీ రాసింది నేనే అని రాశాను. నా రాతలోనే, తొందరపడకుండా. మైకు చేతికే ఇచ్చాను.

చదువుతోంది. ఒక్క లైనే కదా. ఇంకా తల ఎత్తలేదు.