బొటనవేలి పక్షపాతం

సప్పొరో,
అక్టోబరు 6

ప్రియమైన కినుయో అక్కకి,

తమ్ముడు తమేజి నమస్కరించి రాసేది. ఎండిన సముద్రపు నాచు కట్టలు ఇంకా నువ్వే ఎత్తుతున్నావని విన్నాను. డెబ్బై ఆరేళ్ల మనిషివి, వద్దంటే వినవు కాబట్టి ఆ మాట ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఆసుపత్రిలో నీ పనేమిటని ఫోనులో అడిగినప్పుడల్లా పందుల కడుపులు కడుగుతానని చెప్పి తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు. కబేళాలో నలభై నాలుగేళ్లు కడిగాను, ఇక్కడ పదకొండేళ్లుగా కడుగుతున్నాను. అక్కడ కడిగినవాటిని జనం తిన్నారు, ఇక్కడివాటికి సూదులు గుచ్చుతాం, అంతే తేడా. కడుపులో చిన్న కాన్సర్ పుడితే ఇప్పుడు పొట్ట కోయక్కర్లేదు. నోట్లోంచి గొట్టం దింపి, లోపలి పొరని చెక్కేస్తారు. ముందు ఆ పొర కిందికి ఒక ద్రవం ఎక్కించాలి. పొర బుడిపెలా లేస్తుంది. కత్తి ఆ బుడిపెలో నడుస్తుంది గనక అడుగునున్న కండరానికి తగలదు. పని మధ్యలో బుడిపె కుంగిందా, కడుపుకి చిల్లే. ఉప్పునీళ్లు ఎక్కిస్తే ఐదు నిమిషాల్లో కుంగుతుంది. ఇప్పుడు వాడే జిగురు మందు అంతకంటే నయం. దాన్నీ మించింది చేశామని ఒక కంపెనీ కొత్త ద్రవం పంపింది. దేంతో చేశారనుకున్నావు? నాచు నుంచి తీసిన జిగురుతో!

మా విభాగానికి పెద్ద షిరాతోరి డాక్టరమ్మ. మా పెద్దమ్మాయి ఈడుది, పద్ధతి మాత్రం మా కబేళా మేస్త్రీ కంటే గట్టిది. మూడు ద్రవాలూ మందుల గదిలో ఒకేలాంటి సీసాల్లో పోసి, ద్రవానికి తోచిన అంకె ఒకటి మాత్రం వేసి పంపుతారు. ఏది ఏదో ఎక్కించే నాకూ తెలియకూడదు, కొలిచే ఆమెకూ తెలియకూడదు. పంది కడుపుని చీల్చి బల్ల మీద పరిచి, నాకు తోచిన చోట సూది గుచ్చి, పొడుగాటి సన్నగొట్టం గుండా నేను ద్రవం నొక్కుతాను. బుడిపె ఎత్తుని ఆమె అరగంటసేపు కొలుస్తుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. నా బొటనవేలికి అన్నీ తెలుసు. కబేళాలో కళ్లకి గుడ్డ కట్టినా కడుపు తడిమి పంది వయసు చెప్పేవాణ్ణి. ఒకసారి పందెంలో మేస్త్రీ టోపీ గెలిచాను కూడా, అది రెండు సైజులు పెద్దదైంది, ఆ సంగతి అలా ఉంచు. ఉప్పునీళ్లు జారిపోతాయి, పాత మందు కాస్త బెట్టు చేస్తుంది, ఏడో నంబరు సీసాలోది వేలిని ఎదురు తోస్తుంది. రెండో రోజుకే తెలిసిపోయింది, నాచు అదేనని. మన తీరం నాచు! అమ్మ చెప్పులు లేకుండా గులకరాళ్ల మీద పరిచిన నాచు మనుషుల ప్రాణం కాపాడబోతోంది! కడుపంతా ఒకేలా ఉండదక్కా. కొన్నిచోట్ల బుడిపె బాగా నిలుస్తుంది, కొన్నిచోట్ల ఇట్టే పారిపోతుంది. ఏడో నంబరు వచ్చినప్పుడల్లా నా చెయ్యి మంచి చోటికే పోయింది. నేను పంపలేదు. ఆపనూ లేదు. అరవై కడుపులు అలా గడిచాయి.

ఫలితం చూసి డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. జనవరిలో కోబెలో జరిగే డాక్టర్ల సభలో చదవబోతోంది. ఆ తర్వాత బతికున్న పందుల మీద పరీక్ష, ఆ తర్వాత మనుషుల మీద.

నిన్న ఆసుపత్రి వెనకాల స్మారక శిల దగ్గర, మా చేతుల్లో పోయిన జంతువులకి ఏటా జరిపే సంస్మరణ జరిగింది. అందరూ చామంతులు పెట్టి, తలవంచి, లేచారు. నేను లేవలేకపోయాను. మోకాళ్ల నొప్పులనుకుని ఎవరో చెయ్యి అందించారు. అయినా ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాను. ఆ సరుకు ఎలాగూ మంచిదే కదా. నీకు రాస్తే బరువు దిగుతుందని రాశాను.

నీ తమ్ముడు,
తమేజి


ఎరిమో,
అక్టోబరు 15

ఒరే తమేజీ,

నీ ఉత్తరం కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాను. తీసేసి చదివినప్పుడే బాగుంది.

ముందు ఒక సంగతి విను. మన నాచు జనం కూరల్లోకీ పులుసుల్లోకీ తప్ప ఎక్కడికీ పోదు. మందులవాళ్లు కొనేది చిలీ నాచు. సహకార సంఘంలో ఎవరినడిగినా చెప్తారు. నువ్వు మోసం చేసింది ఎవరికోసమో అర్థమైందా?

రెండోది. యాభై ఏళ్లుగా ఇక్కడ నాచుకి నాణ్యత చూసి తరగతులు కడుతున్నాను. ఎండబెట్టిన చెయ్యి తరగతి కట్టే బల్ల దగ్గరికి రాకూడదు. నా కట్ట పక్కింటి ఫుమి చూస్తుంది, దాని కట్ట నేను చూస్తాను. ముప్ఫై ఏళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు, అందుకే మా తరగతుల మీద ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు. మంచి సరుకైతే నీ సాయం దానికెందుకు?

నీ బరువు నా మీద దింపకు, నాకు కట్టలున్నాయి. వెళ్లి ఆ డాక్టరమ్మకి చెప్పు. చెప్పకుండా మళ్లీ ఉత్తరం రాశావో, విప్పను.

కినుయో


సప్పొరో,
డిసెంబరు 9

అక్కా,

ఈ ఉత్తరం నిశ్చింతగా విప్పవచ్చు.

నీ జవాబు అందిన మర్నాడే డాక్టరమ్మ గదికి వెళ్లాను. చిలీ సంగతి తప్ప అన్నీ చెప్పాను. అది చెప్పడానికి సిగ్గేసింది. ఆమె కలం కింద పెట్టి, ఎన్నిసార్లు జరిగిందని అడిగింది. ఏడో నంబరు వచ్చిన ప్రతిసారీ అన్నాను. 

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు తమేజి గారూ. ఎందుకు చెప్పారు?"

"మా అక్క ఉత్తరం విప్పనందండీ."

నవ్వలేదు. మళ్లీ అరవై కడుపులు కడగగలరా అని మాత్రం అడిగింది. నూట ఇరవై అన్నాను.

ఈసారి ఏ సీసాలోది ఎక్కడ ఎక్కించాలో చీటీలు తీశాం. నొక్కడానికి నన్ను కాదు, ఉత్తరాలు టైపు చేసే మొమోసె గారిని పిలిచాం. ఆవిడ పంది కడుపుని ముట్టుకోవడం అదే మొదటిసారి. ముక్కు పక్కకి తిప్పుకుని నొక్కింది. ఒక సీసా అయింది, రెండోదీ అయింది. మూడోదానికి ముఖం ఎర్రబడింది. రెండు బొటనవేళ్లూ పెట్టినా చుక్క కదల్లేదు.

"తాతగారూ, ఇందులో సిమెంటేమైనా పోశారా?" అంది.

డాక్టరమ్మ తీసుకుని నొక్కింది. కదల్లేదు. ఇద్దరు నర్సుల్ని పిలిచింది. ఒకావిడ సగం ఎక్కించి నొప్పితో చెయ్యి విదిలించుకుంది, రెండో ఆవిడ వల్ల అదీ కాలేదు.  అసలు పని జరిగేటప్పుడు మందు నొక్కేది ఆ నర్సులే కదా. లోపల కత్తి నడుస్తూ, బుడిపె కుంగిపోతూ, నర్సు వేలికి మందు లొంగకపోతే ఆ రోగి గతేమిటి? నలభై నాలుగేళ్లు కబేళాలో బండబారిన నా వేలు ఆ లోపాన్ని మింగేసింది. అది ఎదురు తోస్తుంటే సరుకు పౌరుషమని మురిసిపోయాను. మంచి చోటు ఏరి గుచ్చడం చిన్న తప్పు. నేనే గుచ్చడం పెద్ద తప్పు.

కంపెనీవాళ్లు ద్రవాన్ని పలచన చేసి పంపారు. మళ్లీ అరవై కడుపులు కడిగాను, వేళ్లు చలికి పగిలాయి. మొమోసె గారు వాళ్ల అత్తగారి మీద ఫిర్యాదులు చెప్తూ, ఒంటిచేత్తో అన్ని సీసాలూ ఎక్కించేసింది. ఏ సీసా ఏదో ఆవిడ వేలికి ఈ రోజుకీ తెలియదు. అరగంట తర్వాత కొత్తది పాత మందుకంటే కొంచెం ఎత్తుగా నిలిచింది. కొంచెమే, నేను నిలబెట్టినంత కాదు. కానీ దాని కాళ్ల మీద అది నిలిచింది. ఆ కొలత చూసి నా కళ్లు చెమర్చాయి. చిలీదైతేనేం అక్కా, అదీ సముద్రమే.

మొన్న కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. నేను చేతులు కడుక్కుంటుంటే డాక్టరమ్మ పిలిచి వాళ్ల ముందు నిలబెట్టింది. "మన మొదటి ఫలితాన్ని చెత్తబుట్టలో వేయించింది ఈయనే" అంది. ముగ్గురిలో పెద్దాయన నడుము వంచి, నా రబ్బరు బూట్లు మాత్రమే కనిపించేంత కిందికి నమస్కారం చేశాడు.

కోబెలో డాక్టరమ్మ మొదటి పది నిమిషాలూ పారేసిన ఆ ఫలితం గురించే చెప్తుందట, ఎవరి వేలు, ఎలా తెలిసిందీ అన్నీ. నన్ను ముందు వరసలో కూర్చోమంది. కోటు కొనుక్కున్నాను. డెబ్బై ఒకటో ఏట నా తప్పు వినడానికి మూడు వందలమంది డాక్టర్లు వస్తున్నారు, ఇంత గర్వం నాకు ఒప్పులు చేసినప్పుడు ఎన్నడూ లేదు. నా పక్క కుర్చీ నీ కోసం అడిగి ఉంచాను. కట్టలు ఫుమికి అప్పగించి బయల్దేరు.

నీ రాక కోసం ఎదురుచూసే
తమేజి