వెయ్యి గజాలకి మూడున్నర అంగుళాలు

బెంటన్‌విల్,
ఆదివారం

అదితి గారికి,

నమస్కారాలు. మొన్న మీ యాప్ సపోర్ట్‌కి ఫోన్ చేసినప్పుడు మీరు తెలుగమ్మాయని తేలాక ప్రాణం లేచొచ్చింది. అందుకే తెలుగులో రాస్తున్నాను. నేను చెబుతుంటే మా ఆవిడ మీనాక్షి టైప్ చేస్తోంది.

నా పేరు మూర్తి. డెబ్బై రెండేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు వంతెనలు డిజైన్ చేసి రిటైరయ్యాక ఇక్కడి రైఫిల్ క్లబ్‌లో చేరాను. వెయ్యి గజాల అవతల టార్గెట్, దాని మధ్యలో పది అంగుళాల వలయం. అంత దూరం వెళ్ళేలోపు బుల్లెట్ ఎంత కిందికి జారుతుందో, దానికి రైఫిల్ మీద గురిచూసే స్కోప్‌ని ఎన్ని క్లిక్కులు తిప్పాలో మీ యాప్ చెబుతుంది. అలాంటివి మూడు తెచ్చుకున్నాను. మూడూ గొప్పవే. వేడి, గాలి, చివరికి భూమి తిరగడం కూడా లెక్కలోకి తీసుకుంటాయి. మా రోజుల్లో ఇంత లెక్కకి గదినిండా ఇంజనీర్లం కూర్చునేవాళ్ళం.

కానీ ఎనిమిది వారాలుగా మూడూ కూడబలుక్కున్నట్టు నా చేత మూడున్నర అంగుళాలు కింద కొట్టిస్తున్నాయి. ఐదింటిలో రెండు వలయం దాటిపోతున్నాయి. వచ్చే శనివారం క్లబ్ సీనియర్స్ టీమ్‌కి నాలుగో మనిషిని ఎంచుతారు. ఐదూ వలయంలో పడాలి. వాడేది ఒక్క యాపే, దాని పేరు శుక్రవారంలోపు రాసివ్వాలి. టీమ్‌లోకి రావాలని నాకు చాలా ఆశగా ఉంది. ఏది రాయమంటారు?

మూడున్నర అంగుళాలు పైకి గురిపెడితే సరిపోతుంది కదా అంకుల్ అని క్లబ్‌లో లోకేష్ అన్నాడు. వంతెన మూడున్నర అంగుళాలు కిందికి దిగితే పైన తారు పోసి ఊరుకుంటామా అని అడిగాను. అప్పటినుంచి అతను నాకు దూరంగా కూర్చుంటున్నాడు.

ఇట్లు,
మూర్తి

తా.క. ఇది నేను కలుపుతున్నాను. మూడు యాప్‌లలో మీదే అన్నిటికన్నా మంచిదని రాయమన్నారు. మిగతా రెండు కంపెనీలకీ ఇదే జాబు ఇంగ్లీషులో వెళ్ళింది. ఆ జాబుల్లో వాళ్ళదే అన్నిటికన్నా మంచిది. – మీనాక్షి

~

బాతెల్,
సోమవారం

మూర్తి అంకుల్‌కి,

నమస్తే. మీ జాబు మా ఆఫీసులో అందరికీ ఇంగ్లీషులో చదివి వినిపించాను. తారు దగ్గర అందరూ నవ్వారు.

అంకుల్, మా యాప్‌కి మనం ఏ అంకెలు ఇస్తే వాటితోనే లెక్క కడుతుంది. అందుకని మూడు సంగతులు అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. బుల్లెట్ వేగం మీరే కొలిచారా, లేక బుల్లెట్ల డబ్బా మీద ఉన్నదే ఇచ్చారా? గాలి పీడనం వాతావరణ వార్తల్లోంచి తీసుకున్నారా? అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె, మనకి పనికిరాదు. ఈ అంకెలన్నీ ఫోన్‌లో ఎవరు కొడుతున్నారు?

మీ
అదితి

తా.క. మీనాక్షి ఆంటీకి నా నమస్కారాలు. ఆవిడ కలిపిన మాట మాత్రం ఆఫీసులో చదవలేదు.

~

బెంటన్‌విల్,
మంగళవారం

అమ్మా అదితీ,

డబ్బా మీద అంకె చూసి లెక్క కట్టే మనిషిలా కనిపించానా? వేగం కొలిచే యంత్రం నా దగ్గరుంది. పీడనానికి సొంత బారోమీటర్ ఉంది. దానితో పాటు నిద్రపోతున్నానని మీనాక్షి అంటుంది. ఇప్పటిదాకా కాల్చిన రెండు వందల పద్నాలుగు బుల్లెట్లకీ రోజు, గంట, వేడి, పీడనం, ఎక్కడ తగిలింది, అన్నీ రాసున్న నోట్‌బుక్ మొత్తం స్కాన్ చేసి పంపుతున్నాను. తీరిగ్గా చూడు. ముసలాడు తప్పు చేసి ఉంటాడని ముందే అనుకోకు.

ఫోన్‌లో అక్షరాలు చీమలంత ఉంటాయి. కాబట్టి మూడు యాప్‌లలోనూ మీనాక్షే కొట్టి, వచ్చిన అంకె చీటీ మీద రాసి ఇస్తుంది. నేను ఆ చీటీ చూసి కాలుస్తాను. ముప్పై ఏళ్ళు ఫార్మసీలో పనిచేసిన మనిషి, ఒక్క మందు చీటీ తప్పు చదవలేదు. ఆవిణ్ణి అనుమానించకు.

మూర్తి

తా.క. నోట్‌బుక్‌లో చేతిరాత నాది. ఆయన కాలుస్తారు, నేను పక్కన దుర్భిణీలో చూసి రాస్తాను. ఆయన రాసింది ఆయనే చదువుకోలేరు. – మీనాక్షి

~

బాతెల్,
బుధవారం

మూర్తి అంకుల్‌కి,

క్షమించండి అంకుల్, మిమ్మల్ని తక్కువచేయాలని కాదు. ఆ నోట్‌బుక్ చూసి ఇక్కడ అందరం నోరు తెరిచాం. మా లెక్కల కోడ్ రాసిన శ్రేయాస్ పన్నెండో పేజీ ప్రింట్ తీసి తన టేబుల్ దగ్గర అంటించుకున్నాడు. ఇంత శుభ్రమైన డేటా మాకు ఇంతవరకూ ఏ కస్టమరూ పంపలేదు. ఇంత జాగ్రత్తగల మనిషి ఎవరో తెలుసుకోవాలని మా వాళ్ళకి కుతూహలంగా ఉంది.

అక్షరాలు చీమలంత అన్నారు కదా, మనసులో ఉన్నది అడిగేస్తాను. ఈమధ్య కళ్ళు చూపించుకున్నారా?

మీ
అదితి

తా.క. ఇంకొక్కటి. భూమి తిరుగుతుంది కాబట్టి తూర్పుకి కాల్చిన బుల్లెట్ కాస్త పైన తగులుతుంది. అందుకని తూర్పు అని చెబితే యాప్ ముందే ఒక క్లిక్ తగ్గిస్తుంది. వెయ్యి గజాల దగ్గర ఒక క్లిక్ అంటే మూడున్నర అంగుళాలు. మీ రేంజ్ ఏ దిక్కుకి ఉంది? యాప్‌లో దిక్కు గడిలో ఏముంది?

~

బెంటన్‌విల్,
గురువారం

అదితికి,

కళ్ళ డాక్టర్ రిపోర్ట్ జతచేశాను. చదవడానికే అద్దాలు, దూరపుచూపు గద్దచూపు. గద్ద అన్న మాట రిపోర్ట్‌లో లేదు, డాక్టర్ నోటితో అన్నాడు. చొక్కా గుండీలు తీసి బైపాస్ మచ్చ కూడా ఫోటో పంపమంటావా?

ఇక దిక్కంటావా, రేంజ్ దక్షిణానికి ఉంది. పడుకుని రైఫిల్ పెడితే ముక్కుసూటిగా దక్షిణం. వంతెనలు కట్టినవాడికి దిక్కు తెలియదా? గడిలో ఏముందని మీనాక్షిని అడిగాను. పెట్టాల్సిందే పెట్టానంది. అంతే, ఇక ఆ మాట వదిలెయ్. తప్పు మీ యాప్‌లోనే ఉంది. రేపు సాయంత్రంలోగా బాగుచేస్తే మీ పేరు రాసిస్తాను. లేకపోతే లేదు.

మూర్తి

తా.క. మిగతా రెండు కంపెనీలవాళ్ళూ దిక్కు సంగతి అడగలేదు. నువ్వొక్కదానివే అడిగావు. – మీనాక్షి

~

బెంటన్‌విల్,
ఆదివారం

చిరంజీవి అదితికి,

మీనాక్షి ఆంటీ దీవెనలు. ఈ జాబు నేనే చెప్పుకుని నేనే టైప్ చేస్తున్నాను. ఆయన నిద్రపోతున్నారు. పక్కన బారోమీటర్ ఉంది.

గడిలో తూర్పు పెట్టింది నేనే. మూడింటిలోనూ. రెండేళ్ళ క్రితం బైపాస్‌కి తీసుకెళ్ళేముందు ఆయన మంచం దక్షిణానికి తిరిగి ఉంది. అది యముడి దిక్కని తలుచుకుంటూ నేను తొమ్మిది గంటలు బయట కూర్చున్నాను. ఆయన తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయన పేరు పక్కన దక్షిణం అని నా చేత్తో కొట్టలేకపోయాను. మంచి దిక్కు పెడితే ఏం పోతుందిలే అనుకున్నాను. ఒక క్లిక్ పోతుందని నువ్వు చెప్పేదాకా తెలియదు. ముప్పై ఏళ్ళలో నేను రాసిన తప్పు చీటీ అదొక్కటే.

గురువారం ఆయన వాకింగ్‌కి వెళ్ళాక డైనింగ్ టేబుల్ మీద మీ యాప్ పెట్టుకుని నాలుగు దిక్కులూ కొట్టి చూశాను. తూర్పుకి ఒక అంకె. పడమరకి ఇంకోటి. దక్షిణానికి వేరే. ఉత్తర దిక్కుకి కొడితే దక్షిణానికి వచ్చిన అంకే వచ్చింది. నమ్మలేక మూడుసార్లు చేశాను. అదే అంకె. ఉత్తరం వైపు కుబేరుడుంటాడు. ఆ దిక్కు పెట్టి హాయిగా చీటీ రాశాను. అంకె ఒక క్లిక్ మారడం చూసి ఆయన శుక్రవారం మీ యాప్ పేరే రాసిచ్చారు. ఇలాంటి యాప్ చేసిన మీ చేతులకి దణ్ణం పెట్టాలి, మీకు తెలియకుండానే నన్ను గట్టెక్కించారు.

నిన్న ఐదూ వలయంలో పడ్డాయి. ఒకటి నడిమధ్యలో. ఆయన లేచి నిలబడి టోపీ తీసి, నా చీటీని మడిచి జేబులో పెట్టుకున్నారు. టీమ్‌లో చోటొచ్చింది. లోకేష్ వచ్చి కౌగిలించుకున్నాడు. తన జాబు అందగానే ఆ అమ్మాయి రాత్రికి రాత్రే యాప్ బాగుచేసిందని ఆయన అందరికీ చెబుతున్నారు. నువ్వు ఆ మాట కాదనకు. టీమ్‌లో మిగతా ముగ్గురూ మీ యాపే కొంటున్నారట.

ఆశీస్సులతో,
మీనాక్షి

తా.క. మిగతా రెండు యాప్‌లలో ఇంకా తూర్పే ఉంది. ఆయన మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని వాటిని తిడుతూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు. మార్చమంటావా?