ఎడమ చేతి అల్లిక

ప్రియమైన శ్రీవారికి,

మీ ఫ్యాక్టరీ స్నేహితుడు తెచ్చిచ్చిన స్వెట్టర్ అందింది. మోచేతులు చిరిగాయి, బాగుచేసి పంపమన్నారు. అలాగే. ముందు ఒక్కమాట చెప్పండి. ఎడమ మణికట్టు దగ్గర పట్టీ ఎవరు అల్లారు?

నేను మాత్రం కాదు. నా అల్లిక నాకు తెలియదా? నాది వదులుగా, సాఫీగా ఉంటుంది. ఇదెవరో పళ్ళు బిగబట్టి అల్లినట్టుంది. ప్రతి కుట్టూ మెలిపడింది. పైగా ఆ ఊలు నేను మీకల్లిన మఫ్లర్‌ది. రెండూ బూడిద రంగే అయినా, మఫ్లర్ ఊలు తర్వాత కొన్నది కాబట్టి పిసరంత ముదురు. ఎండలో పెట్టి మరీ చూశాను. ఇంతకీ మఫ్లర్ ఏది?

ఇక్కడంతా మామూలే. టికెట్ కౌంటర్లో రద్దీ లేనప్పుడు సూదులు తీస్తే కొత్త సూపర్‌వైజర్ మూతి ముడుస్తున్నాడు. వచ్చే నెల నుంచి ఆ మూతి చూడక్కర్లేదులెండి. రాజీనామా రాసి ఉంచాను. మీ దగ్గరికి వచ్చేయడమే తరువాయి.

మీ ఆవిడ

*

ప్రియమైన సూదిగారికి,

నీ పోలీసు ఉత్తరం అందింది. పట్టీ ఊడిపోతే మా వీధి చివర దుకాణంలో ఇచ్చాను. వాళ్ళే ఏదో చేశారు. మఫ్లర్ బస్సులో మర్చిపోయాను, కోప్పడకు.

ఈమధ్య నన్ను చెక్కపని నుంచి స్టోర్‌కి మార్చారు. కూర్చుని చేసే పని, హాయిగా ఉంది. రాజీనామాకి తొందరేం లేదు. ఇద్దరికీ సరిపడా ఇల్లు దొరకలేదు. ఇంకొన్నాళ్ళు ఆగుదాం.

నీ వడ్రంగి

*

శ్రీవారికి,

'ప్రియమైన' అని రాయబోయి ఆగాను.

బస్సులో పోయిన మఫ్లర్ మీ మణికట్టుకెలా వచ్చిందండీ? నడిచి వచ్చిందా? అబద్ధమాడినా అతికినట్టుండాలి. అతుకులు పెట్టడం మీకు తెలిసిన పనే కదా.

దుకాణంవాళ్ళయితే మిషన్ మీద చకచకా అల్లి పారేస్తారు. ఇది చేత్తో అల్లింది. కుట్లు జారితే ఓపిగ్గా ఎత్తుకున్నారు. ఒకచోట విప్పి మళ్ళీ అల్లారు. కూలికి చేసేవాళ్ళకి అంత ఓపిక ఉండదు. మీకోసం ఎవరో కష్టపడ్డారు, మీరేమో నా మఫ్లర్ విప్పి ఆ మనిషి చేతికిచ్చారు. అది తలచుకుంటే ముద్ద దిగడం లేదు.

పనిలో ఒక్కచోట కుదురుగా కూర్చోలేని మనిషికి స్టోర్‌లో కూర్చోవడం హాయిగా ఉందట! మీ పక్కన ఇంకెవరు కూర్చుంటున్నారేమిటి? మా అక్కకు చెబితే, మగాడు ఇల్లు దొరకలేదన్నాడంటే ఇంకెవరో దొరికారని అర్థం అంది. నోరు మూసుకోమన్నాను. ఇంటికొచ్చాక నాకూ అదే అనిపించింది.

ఎవరావిడ? నిజం రాయండి. రాయలేకపోతే చెప్పండి, రాజీనామా చింపేస్తాను. ఆ తర్వాత నన్ను రమ్మని ఎప్పుడూ అడగొద్దు.

ఇట్లు,
మీ ఇంటిపేరు ఇంకా వాడుకుంటున్న మనిషి

*

ప్రియమైన నీకు,

ఆవిడంటూ ఎవరూ లేరు. ఆ పట్టీ అల్లింది నేనే.

చలి మొదలైన రోజుల్లో నా ఎడమ చెయ్యి రంపం కింద పడింది. అరచెయ్యి తెగింది. చెయ్యి వాచిపోయి స్వెట్టర్ రాకపోతే, ఆసుపత్రిలో పట్టీ కత్తిరించి తీశారు. చివరి రెండు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. వాటికి వ్యాయామం చేయించే పెద్దాయన రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. బంతితో విసుగొచ్చి నేనే సూదులు కొన్నాను. అదే రంగు ఊలు దొరక్క మఫ్లర్ విప్పాను.

నాకు అల్లడం ఎవరు నేర్పారు? పెళ్ళైన దగ్గర్నుంచి నీకెదురు కుర్చీలో కూర్చుని నిన్ను చూడటమే నా చదువు. చూసింది చూసినట్టు చేశాను. మరి కుట్లెందుకు మెలిపడ్డాయో తెలియదు. చెక్క మీద రంగేస్తే అతుకు కనపడదు, ఊలూ అంతేననుకుని నీకు పంపాను.

'ఆయన చేతి పని చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను' అని అందరికీ గొప్పగా చెప్తావు. ఆ చెయ్యి ఇప్పుడు ఉలి పట్టుకోలేదు. ఇక పట్టుకుంటుందని డాక్టరు కూడా అనడం లేదు. ఉద్యోగం వదులుకుని వచ్చి నువ్వు చూసేది ఇదా అని భయమేసింది. అబద్ధాలాడాను. రాజీనామా సంగతి నీ ఇష్టం. చింపేసినా నేనేమీ అనుకోను.

నీ వడ్రంగి, ఒకప్పటి

*

ప్రియమైన మీకు,

ఉత్తరం కౌంటర్లోనే చదివాను. టికెట్టు అడిగినాయన నేను ఏడుస్తుంటే చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాకు కోపం తగ్గలేదు. చెయ్యి రంపం కింద పడితే పెళ్ళానికి చెప్పని మొగుడు ఎక్కడైనా ఉంటాడా? చలికాలమంతా ఒక్కరే నొప్పి పడుతుంటే, నేనిక్కడ లేని మనిషిని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఇద్దరం ఇద్దరమే.

పొద్దున రాజీనామా ఇచ్చాను. శనివారం బండికి వస్తున్నాను. ఇల్లు దొరక్కపోతే మీ గదిలోనే సర్దుకుందాం.

కుట్లు ఎందుకు మెలిపడ్డాయో చెప్తాను వినండి. ఎదురుగా కూర్చుని చూస్తే అన్నీ తిరగబడి కనిపిస్తాయి. నేను ఊలు ఒకవైపు తిప్పితే మీరు రెండోవైపు తిప్పారు, అంతే. మీ చేతి తప్పేం లేదు.

ఇకమీదట ఎదురుగా వద్దు. పక్కన కూర్చోండి.

మీ ఆవిడ