పగడం ముడుచుకుపోయింది

2007 మే, మంగళవారం రాత్రి

బుజ్జులూ,

నువ్వు పోయాక నీ ఉప్పునీళ్ళ చేపల తొట్టెలో ప్రాణంతో మిగిలింది ఆ ఒక్క పగడమే. వారం నుంచి దాని అంచులు తెల్లబడుతున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా నీళ్ళు వేడెక్కకుండా విసనకర్రతో విసురుతూ కాపాడుకొస్తున్నాను.

ఇవాళ మీ బాబాయి గుంటూరు మిర్చియార్డు నుంచి నేరుగా మనింటికొచ్చాడు. చెయ్యైనా కడుక్కోకుండా తొట్టెలో పెట్టి దాన్ని వేలితో పొడిచాడు.

"ఇది రాయే కదా వదినా! దీనికి కరెంటు దండగ. తీసేసి బీరువా పెట్టుకో."

"చెయ్యి తియ్యి. ఆ కారం చెయ్యి నీ కంట్లో పెట్టుకో, రాయో కాదో తెలుస్తుంది" అన్నాను.

నవ్వాడు, సిగ్గులేని మనిషి! నీ పెద్దకర్మనాడు గారెలు మళ్ళీ అడిగి వేయించుకున్న నోరది. ఇవాళా కోడికూర రెండుసార్లు వేయించుకుని, త్రేన్చుకుంటూ వెళ్ళాడు. వాడూ ఒక మనిషేనా...

పగడం మాత్రం ముడుచుకుపోయింది. నువ్వు నేర్పినట్టే ఉప్పు కలిపి సగం నీళ్ళు మార్చాను. సిరంజితో మేత పెడితే నోరు తెరవలేదు. రేపైనా తెరుస్తుందో లేదో. అది తినకపోతే నాకూ ముద్ద దిగడం లేదు.

నువ్వు మాత్రం అక్కడ మొహమాటపడకు. మళ్ళీ అడిగి వేయించుకో. కడుపునిండా తిను నాన్నా.