ఇంజనీరు అడిగిన భూకంపం

అన్నా,

గోదావరి మీద ఆనకట్ట కడతారట. భూకంపమొస్తే అది నిలుస్తుందో లేదో తేల్చాలని, పాత భూకంపాల గురించి ముసలివాళ్లను అడుగుతూ ఒక ఇంజనీరు ఈ ఉదయం కురవి దాటి మన పల్లెకొచ్చాడు.

"అవ్వా, ఎన్నడన్న భూమి కదిలిందా?"

"ఒక్కపాలి కదిలింది బిడ్డా."

"కుండలు పడ్డయా?"

"ఊరంత ఉట్లు తెగి పడ్డయి. గోడలు నెర్రెలిచ్చినయి."

"ఎవలన్న చచ్చిపోయిన్రా?"

"ఒక్కడు. మా అన్న."

అతను సంబరంగా అన్నీ రాసుకుని, ఏ యేడని అడిగాడు.

దొరల మీద సాయుధ పోరాటం నడిచిన యేడని చెప్పాను. దళంవాళ్లకు అన్నం పెట్టావని పటాలం నిన్ను మన ఇంటి గుంజకు కట్టేసి, మందుగుండు పెట్టి ఇంటినే పేల్చేసింది. నాకు నీ ఎడమచెయ్యి ఒక్కటే దొరికింది. తాడు ఇంకా మణికట్టుకే ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుంటుంటే తుపాకీ మడమతో నా నోటి మీద కొట్టారు.

"గది భూకంపం కాదవ్వా" అని, ఇదంతా విన్న అతను కలం ఎత్తాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"కొట్టెయ్యకు బిడ్డా. మా అన్న సచ్చిండని సర్కారు రాసుకున్నది గిదొక్కపాలే."

అతను చెయ్యి విడిపించుకుని, ఆ వరుసంతా కొట్టేశాడు.

ఆ రోజు మన ఊళ్లో భూమి కదల్లేదట, అన్నా.