ర్యామ్ డిస్కుకు రెండు నకళ్లు

అమ్మడికి,

పెదనాన్న దీవెనలు, ఎడమచేత్తో.

నువ్వు మీ షాపులో బాగుచేసి పంపిన పాత కంప్యూటరు క్షేమం. నేనే క్షేమంగా లేను. చూపుడు వేలితో ఒక మాట కొడతాను. అది ఆలోచిస్తుంది. ఫ్లాపీ గర్రుమంటుంది. ఈలోగా మీ పెద్దమ్మ ఉల్లిపాయలు తరిగి, కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఇంకా అదే మాటా?" అంటుంది.

సంగతి నీకు తెలిసిందే. రిజిస్ట్రీ ఆఫీసులో నలభై ఏళ్లు నకలు గుమాస్తాగా చేశాను. పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత చదవగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. కొత్తవాళ్లకు అది నేర్పే పుస్తకం నెలాఖరుకల్లా రాసిమ్మన్నారు. పాఠాలు ఎలాగో కొడుతున్నాను. నమూనా అక్షరాలు మాత్రం చేత్తోనే రాయాలి. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి కలం పట్టడం లేదు. డాక్టరు రోజూ గీతలు గీయమన్నాడు. ముత్యాల్లా రాసిన చేత్తో గీతలు గీయడం నాకు నామోషీ. ఆ పేజీలు ఖాళీగా వదిలేస్తాను. అవి లేకపోతే పుస్తకం ఎందుకూ కొరగాదని తెలుసు. అదే నా ఏడుపు.

ఇట్లు,
పెదనాన్న

తా.క. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు మేమిద్దరం కులాసా. పూర్తయ్యేలోపు మీ పెద్దమ్మకు జలుబు చేసి తగ్గింది కూడా.

*

పెదనాన్నకు,

స్క్రూడ్రైవరు పక్కన పెట్టి అమ్మడు చేస్తున్న నమస్కారాలు.

తప్పు మీ వేలిది కాదు. ఆ కంప్యూటరు ప్రతి చిన్నదానికీ ఫ్లాపీ దగ్గరికి పరిగెత్తుతుంది. అందుకే ఆ నత్తనడక. ఈ కవరులో పెట్టిన ఫ్లాపీతో ఆన్ చేయండి. 'సి' అనే కొత్త అర వస్తుంది. దాన్నే ర్యామ్ డిస్కు అంటారు. ప్రోగ్రాము దానంతటదే అందులోకి వెళ్తుంది. మీ పాఠాలు కూడా ఆ అరలోనే పెట్టుకోండి. ఇక రయ్యిన నడుస్తుంది.

ఒక్క జాగ్రత్త. కరెంటు ఉన్నంతసేపే ఆ అర ఉంటుంది. ఆపగానే అన్నీ మరిచిపోతుంది. అందుకని రోజూ ఆపే ముందు తప్పకుండా నకలు తీయండి.

మీ,
అమ్మడు

తా.క. నకలు ఎలా తీయాలో వేరే రాయడం లేదు. అది మీకు నేను నేర్పాలా?

*

అమ్మడికి,

దీవెనలు. ఈసారి త్వరగా చేరతాయి.

ముందు అర రాలేదు. యంత్రం వెనకా కిందా వెతికాను. వడ్రంగిని పిలిచి బల్లకు ఒక అర చేయించి, పైన 'సి' అని చెక్కించాను. నువ్వు పంపిన ఫ్లాపీ అందులో పెట్టినా వేగం పెరగలేదు. చివరికి దాన్ని యంత్రంలోనే పెట్టాను. ఇంకేముంది, వేలు ఎత్తేలోపు అక్షరం తెరమీద కూర్చుంటోంది.

నకలు కూడా తీస్తున్నాను. పేజీకి ఒక పూట పట్టింది. అయినా డ్యూటీ డ్యూటీయే. పొద్దున చూస్తే నువ్వు చెప్పినట్టే యంత్రం అంతా శుభ్రంగా మరిచిపోయింది.

ఇట్లు,
పెదనాన్న

తా.క. వడ్రంగి 'డి' కూడా చేయమంటారా అని అడిగాడు. నిన్ను అడిగి చెప్తానన్నాను.

*

పెదనాన్నకు,

కంగారులో నమస్కారాలు.

పేజీకి పూట పట్టిందా? అయితే అది అరిగిపోయింది పెదనాన్నా, ఇంక దాన్ని నమ్ముకోకండి. ఒకసారి తలను స్పిరిట్ దూదితో తుడవండి. ఎందుకైనా మంచిది, రోజూ రెండేసి నకళ్లు తీసి వేరువేరు గదుల్లో పెట్టండి. పది కొత్త ఫ్లాపీలు పంపుతున్నాను.

మీ,
అమ్మడు

తా.క. 'డి' వద్దు.

*

అమ్మడికి,

అలక తీరిన పెదనాన్న దీవెనలు.

అరిగిపోయింది, నమ్ముకోకండి అని రాశావు. డాక్టరు కూడా నా చెయ్యిని అంత మాట అనలేదు. మూడు రోజులు అలిగి యంత్రం ముట్టుకోలేదు. తర్వాత పౌరుషం వచ్చింది. రోజూ రెండేసి నకళ్లు ఆ కుడిచేత్తోనే రాస్తున్నాను. ఒకటి ముందుగదిలో, ఒకటి వంటింట్లో పెడుతున్నాను. సిరా అయిపోవచ్చింది.

తల కూడా తుడుచుకున్నాను. హాయిగా, చల్లగా ఉంది. అక్షరాలు మాత్రం ఇంకా వణుకుతున్నాయి.

ఇట్లు,
పెదనాన్న

తా.క. కొత్త ఫ్లాపీలు అందాయి. కాఫీ గ్లాసుల కింద పెడితే బల్లకు మరకలు పడటం లేదు.

*

పెదనాన్నకు,

మీ కాళ్లు పట్టుకుని అమ్మడు రాస్తున్నది.

మీ ఉత్తరం చదివి, షాపు మూసేసి ఇది రాస్తున్నాను. అరిగిపోయిందన్నది ఫ్లాపీని, మీ చెయ్యిని కాదు. తుడవమన్నది ఫ్లాపీని చదివే భాగాన్ని. దాన్ని మేం తల అంటాం. నకలంటే అరలోని పాఠాన్ని ఫ్లాపీ మీదికి ఎక్కించడం. ఒక్క ఆజ్ఞ కొడితే మీరు పది అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. అదెలాగో కింద రాశాను. జబ్బుచేసిన చేత్తో మిమ్మల్ని ఇన్నాళ్లు రాయించాను. నాకు ఏడుపొస్తోంది. ఇవాళే ఆపేయండి.

మీ,
బుద్ధిలేని అమ్మడు

తా.క. ముందు ఆ గ్లాసులు తీయండి.

*

అమ్మడికి,

పెదనాన్న దీవెనలు.

కవరు మీది రాత ఎవరిదా అనుకున్నావా? నాదే.

నీ ఉత్తరానికి వారం ముందే మా వీధి టైపు మాస్టారు వచ్చి, ఒక్క ఆజ్ఞ కొట్టి నకలు తీసి చూపించాడు. టీ ఇచ్చి, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. అప్పటికే కలం నా మాట వినడం మొదలైంది మరి. గీతలు గీయమంటే నాకు నామోషీ, నకలు తీయమంటే నా ఉద్యోగం. తప్పు పోకూడదన్న ధ్యాసలో చెయ్యి సంగతే పట్టించుకోలేదు. అందుకని మాస్టారు వెళ్లగానే మళ్లీ కాగితం తీశాను. నువ్వు ఏడవకు.

నమూనా పేజీలు ఇరవై రెండూ నేనే రాశాను. నిన్న ఆఫీసు నుంచి కొత్త గుమాస్తా ఒకావిడ వచ్చింది. మొదటి పేజీ గుమ్మంలో నిలబడే కూడబలుక్కుని చదివింది. రెండో పేజీకి తడుముకోలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

స్వహస్తాలతో,
పెదనాన్న

తా.క. డాక్టరుకు చెయ్యి చూపించాను. "గీతలు గీయమని నేను చెప్పలేదూ?" అని మురిసిపోయాడు. కాదనడానికి మనసొప్పలేదు.